ఉప్పు చూడని వంట

“ఏదీ, చెయ్యి ఇటు తే” అన్నాడు చక్రపాణి.

కుసుమకుమారి ఇంకా చెప్పులైనా విడవలేదు. సరూర్‌నగర్ రైతుబజారు నుంచి మోసుకొచ్చిన కూరగాయల సంచి ఎడమచేతిలో వేలాడుతోంది. కుడిచెయ్యి చాచింది. మొగుడు సోఫాలోంచి లేవకుండానే ఆ వేళ్లను ముక్కుదగ్గరికి లాక్కుని తీరిగ్గా వాసన చూశాడు.

“సబ్బు వాసనొస్తుంది.”

“ఆకుకూర మట్టి అంటింది. అమ్మాజీ వాళ్లింట్ల కడుక్కున్న.”

“ఆ ఆంధ్రామె ఇంట్ల ఏం తిన్నవ్?”

ఏమీ తినలేదంది. నిజంగానే తినలేదు. అమ్మాజీకి కావలసిన తోటకూర ఇచ్చి, పెసరట్టు పెడతానంటే వద్దని, చేతులు కడుక్కుని వచ్చేసింది. కానీ ఈ ఇంట్లో నిజానికి సాక్ష్యం కావాలి, అబద్ధానికి అక్కర్లేదు. మిరపకాయ బజ్జీ వాసనొస్తే తిన్నట్టు. సబ్బు వాసనొస్తే తిని కడుక్కున్నట్టు. ఏ వాసనా రాకపోతే చెంచాతో తిన్నట్టు. అన్ని దారులూ ముందే మూసేసి ఎటునుంచి వచ్చావని అడిగే మనిషికి ఏం చెప్పాలి? కుసుమ సంచి తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

ఇదంతా పది వారాల కింద మొదలైంది. మోకాళ్ల నొప్పులని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, బరువు తగ్గితే నొప్పులు తగ్గుతాయంది. మంచి మనిషే. అన్నం తగ్గించమంది, పొద్దున నడవమంది, చివర్లో నవ్వుతూ, వారంలో ఒక్కపూట మాత్రం మీకిష్టమైంది కడుపునిండా తినండి, లేకపోతే మనసు మొండికేస్తుంది అని కూడా అంది. చెప్పింది కుసుమకు. పట్టుకున్నది పక్కన కూర్చున్న చక్రపాణి. సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు. కింద పనిచేసేవాళ్లు గంట ముందు ఇంటికి పోవాలన్నా, గంట ఆలస్యంగా రావాలన్నా అతని దగ్గర పర్మిషన్ తీసుకోవాలి. ఆ మాటనే ఇంటికి తెచ్చాడు. ఆదివారం పొద్దున బరువు మిషన్ మీద నిలబెట్టి, అరకిలో తగ్గితే ఆ మధ్యాహ్నం ఇష్టమైన తిండికి పర్మిషన్. తగ్గకపోతే లేదు. మనసు కోసం డాక్టరమ్మ రాసిన పూట కాస్తా మొగుడు మెచ్చి ఇచ్చే బహుమానమైపోయింది.

పది వారాల్లో మూడుసార్లు ఇచ్చాడు. ఇచ్చిన రోజు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. బిర్యానీ పొట్లం విప్పి నాలుగు ముద్దలు తినగానే, “చాలు గదా ఇగ” అనేవాడు. పక్క గదిలోంచి అత్త అండాలమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి, తినేటప్పుడు దాని మొఖం జూడు ఎంత సంబురమో అని నవ్వేది. కుసుమ పొట్లం మడిచేసేది. తినొద్దన్న రోజు ఆకలి. తినమన్న రోజు సిగ్గు. ఈ రెండింట్లో దేన్ని డైటింగ్ అంటారో ఆమెకు అర్థం కాలేదు.

తగ్గకపోతే దొంగతనంగా తింటున్నావంటాడు. పోనీ తగ్గితే సంతోషిస్తాడా అంటే అదీ లేదు. నాలుగో వారం రెండు కిలోలు తగ్గి, జాకెట్లు వదులయ్యాయి కుట్టించుకోవాలంటే, “ఎవలకు చూపెట్టనీకి?” అన్నాడు. కుసుమ వదులు జాకెట్లకు పిన్నీసులు పెట్టుకుంది. అసలు తను సన్నబడాలని ఇతనికెందుకు ఇంత పట్టుదల అనే అనుమానం ఆమెకూ పట్టుకుంది. తన మోకాళ్ల మీద ప్రేమా, లేక యూనియన్ మీటింగుల్లో పక్కన నిలబడితే బాగుండదనా? అడిగితే, నీ మంచికే అంటాడు. ఆ మాట అన్నాక ఆడదానికి నోరుండదు.

వంట మాత్రం ఆమెదే. ముగ్గురికి మూడు పూటలా, వచ్చేపోయే యూనియన్ వాళ్లకు చాయ్‌లతో సహా. కాకపోతే ఉప్పు చూసే పని చేతిలోంచి పోయింది. “రుచి చూసుడు పేరు మీద సగం తిండి పొయ్యికాడనే అయితది. నువ్వు చూడమ్మా” అని తల్లికి అప్పజెప్పాడు చక్రపాణి. కొంగుచాటున తినీ తినకా డెబ్బై ఏళ్లు గడిపిన అండాలమ్మకు, పాపం, బతుకులో మొదటిసారి ఒక ఉద్యోగం దొరికింది. గరిటె చప్పరించి, కళ్లు మూసుకుని, జరంత ఎయ్యి అని తీర్పు చెప్పేది.

ఈలోగా తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. ఆఫీసులు మూతబడ్డాయి, బస్సులు ఆగాయి, కుసుమ పాఠాలు చెప్పే కర్మన్‌ఘాట్ ప్రైవేటు బడికీ తాళం పడింది. సకల జనులు అన్నారు గానీ ఆ జనంలో వంటింటివాళ్లు లేరు. ఇదివరకు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా చక్రపాణి ఇంట్లో ఉండేవాడు కాదు. ఇప్పుడు రోజంతా ఉంటున్నాడు. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, హాల్లోంచి, ఎవరది అంటున్నాడు.

అలాగని కుసుమకు తెలంగాణ అక్కర్లేదని కాదు. ఆమెకూ గట్టిగానే కావాలి. బడి కరస్పాండెంట్ ఒకసారి అందరు టీచర్ల ముందూ, “పిల్లలకు మీ యాస అంటుకుంటోంది మేడమ్, కాస్త మంచి తెలుగు మాట్లాడండి” అన్నాడు. నల్గొండ పల్లెలో తల్లి నేర్పిన మాట చెడ్డ తెలుగు ఎప్పుడయిందో ఆమెకు తెలియలేదు. ఆ రోజు బాత్‌రూములో ఏడ్చింది. ఊరేగింపుల్లో జై తెలంగాణ అని అరిచినప్పుడల్లా ఆమె గొంతులో ఆ రోజు ఉంటుంది.

సమ్మె ఇరవై రోజులు దాటాక, బతుకమ్మ పండుగ రోజుల్లో, ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తిని, విజయవాడ వైపు ఒక్క బండి కదలకుండా చెయ్యాలి. జేఏసీ నాయకుడు, ఆటో యూనియన్ ప్రెసిడెంటు జానయ్యకు చక్రపాణి తన భార్య చేతివంట గురించి ఊరించి చెప్పాడు. మూడొందల మందికి పప్పు ఆమె పనయింది. బయల్దేరేముందు చక్రపాణి గుమ్మంలో ఆపి చెప్పాడు.

“పప్పు నువ్వే చూడాలె. గానీ నోట్లె ఏం పెట్టకు. ఈ వారం పర్మిషన్ లేదు. ఉప్పు చూస్తున్న, పులుపు చూస్తున్న అని గరిటెలకు గరిటెలు నాకి నలుగుట్ల నా ఇజ్జత్ తియ్యకు. నేను స్టేజి మీదికెళ్లి చూస్తనే ఉంట.”

ఎదురు ఫ్లాటు అమ్మాజీ తలుపు దగ్గర నిలబడి ఇదంతా వింది. ఆమెది భీమవరం దగ్గర పల్లె. మొగుడు భానుమూర్తి కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాడు. ఆ జనంలోకి నువ్వెందుకు అని అతడు గొణుగుతున్నా వినకుండా, కత్తిపీట చంకన పెట్టుకుని కుసుమ వెంట వచ్చేసింది. “అంత పప్పు ఒక్కరూ ఎలా కలుపుతారండీ, రెక్కలు పడిపోవూ” అంది.

చౌరస్తాలో షామియానా కింద ఒకవైపు స్టేజి. మగవాళ్లు మైకులో ఆత్మగౌరవం గురించి ఒకరి తరవాత ఒకరు చెబుతున్నారు. ఎదురుగా ఎండలో ఆడవాళ్లు. బండరాళ్ల పొయ్యి మీద నడుము ఎత్తు గంజులో పప్పు ఉడుకుతోంది. టమాటాలు కోసే పని అమ్మాజీది, కలిపే పని కుసుమది. పదకొండింటికి జానయ్య మనిషిని పంపాడు. పెద్ద అంబర్‌పేట్ నుంచి ఇంకో వంద మంది వస్తున్నారట, పప్పు పెంచమన్నాడు. కందిపప్పు, నీళ్లు, కారం అన్నీ మళ్లీ పోసి కలిపారు.

అప్పుడొచ్చింది కుసుమకు అనుమానం. పెంచిన పప్పుకు ఉప్పు వేశానా, లేదా?

వేసినట్టే ఉంది. వెయ్యనట్టూ ఉంది. చేతిమీద ఒక చుక్క వేసుకుని నాలికకు తాకిస్తే ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. గరిటె ఎత్తింది. తలెత్తి చూస్తే స్టేజి మీద చక్రపాణి చూపు సరిగ్గా ఆ గరిటె మీదే ఉంది. కుసుమ గరిటె దించేసింది. రోజూ ఎవరో ఒకరు నువ్వు చెప్పేది అబద్ధం అంటుంటే, మనిషికి తన మతి మీద కూడా నమ్మకం పోతుంది. వెయ్యలేదేమో అనుకుని రెండు ప్యాకెట్లు చింపి పోసింది.

“ఉప్పు చూశారా కుసుమగారూ?” అంది అమ్మాజీ.

“చూసిన.”

చూశానన్నాక మళ్లీ తను చూడడం అమ్మాజీకి మర్యాదగా తోచలేదు. కింద పడ్డ ఖాళీ ప్యాకెట్లు ఏరి చేతిలో పట్టుకుంది.

ఒంటిగంటకు రోడ్డు మీద బారులు తీరి కూర్చున్నారు. ముందు వరసలో నాయకులు. వాళ్ల ముందు టీవీ కెమెరాలు. జానయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కెమెరా చూస్తోంది కాబట్టి మింగేసి, కళ్లనీళ్లతో నవ్వాడు. పక్కాయన అంత నటుడు కాదు, ఉమ్మేశాడు. వరస వెంబడి విస్తరాకులు పక్కకు జరిగాయి. పప్పు కాదు, ఉప్పు కషాయం.

“పొయ్యికాడ ఆంధ్రామె ఉన్నదట” అన్నారెవరో. “ఉప్పు ప్యాకెట్లు ఆమె చేతిలనే ఉన్నయి, నేను చూసిన” అన్నారు ఇంకెవరో. క్షణాల్లో అది చూసినవాళ్లు ఇరవైమంది అయ్యారు. అమ్మాజీ లేచి నిలబడింది. “నేను వెయ్యలేదండీ, నాకేం తెలీదండీ” అంది. ఆ ‘అండీ’ ఆమెను ఇంకా పట్టించింది. చక్రపాణి మైకు తీసుకున్నాడు. ఆమె పేరెత్తలేదు. మన పొయ్యికాడ ఎవలున్నరో, మన పప్పుల ఎవల చెయ్యి పడ్డదో చూసుకోండ్రి అన్నాడంతే. ఇంట్లో తన భార్యను పాడుచేస్తున్నదని ఎన్నాళ్లనుంచో అనుమానిస్తున్న మనిషి రోడ్డు మీద దొరికింది అతనికి. నలుగురైదుగురు పొయ్యి వైపు కదిలారు. అమ్మాజీ భయంతో కుసుమ కొంగు పట్టుకుంది.

కుసుమ ఆ కొంగుతో పాటే ఆమెను నడిపించుకుంటూ వెళ్లి స్టేజి ఎక్కింది.

“ఉప్పు ఏసింది నేనన్నా. రెండుసార్లు ఏసిన” అంది, వరసలోంచి లేచి అక్కడికొచ్చిన జానయ్యతో.

జానయ్య నమ్మలేదు. పెద్దమనిషి, మెత్తగానే అడిగాడు. “ఇంత మందికి వండే ఆడిబిడ్డవు. నోట్లె ఏసుకుని చూడకుండ ఎట్ల దించినవ్ చెల్లె?”

కుసుమ నోరు తెరిచేలోగా చక్రపాణి గబగబా అందుకున్నాడు. “ఆమెకు ఉపాసమన్నా. తెలంగాణ రావాలెనని అమ్మవారికి తొమ్మిది దినాలు మొక్కింది. పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టదు.”

మైకులో చెప్పడం వల్ల చౌరస్తా అంతా వినపడింది. ముందు చప్పట్లు మొదలయ్యాయి. ఒక ముసలామె వచ్చి కుసుమ కాళ్లకు దండం పెట్టబోయింది. కడుపు మాడ్చుకుని అందరికీ వండిన తల్లి అన్నారు. కెమెరాలు విస్తరాకులొదిలి ఆమె వైపు తిరిగాయి. ఒక్క అబద్ధంతో చక్రపాణి పరువు నిలబడింది, ఉప్పు పప్పు ప్రసాదమైంది. అతని మొహంలో గర్వం కూడా కనపడింది. తిండిపోతని పది వారాలుగా తనను సాధించిన మనిషి ఇప్పుడు తనను దేవతను చేశాడు. దేవతకూ తిండి పెట్టనక్కర్లేదు కదా అనుకుంది కుసుమ. ఆమెకు ఒళ్లు మండింది.

అయినా మాట్లాడకుండా ఉంటే అయిపోయేదే. కానీ గుంపులోంచి ఒక గొంతు, ఉపాసమున్న తల్లి గట్ల తప్పెందుకు చేస్తది, ఆ ఆంధ్రామె కలిపితే ఈమె మీదేసుకుంటుంది అంది. అవునవును అన్నారు చుట్టూ. అమ్మాజీ కొంగును చేతికి ఇంకో చుట్టు చుట్టుకోవడం కుసుమకు నడుము దగ్గర తెలిసింది. తన భక్తి ఎంత పెద్దదయితే అమ్మాజీ నేరం అంత పెద్దదవుతుంది. చక్రపాణి మైకు జానయ్యకిచ్చి, కళ్లతోనే, ఇగ ఊకో, దిగు అన్నాడు.

కుసుమ దిగలేదు. జానయ్య చేతిలోని మైకు దగ్గరికి జరిగింది.

“నాకు ఏ ఉపాసం లేదన్నా. మొక్కు లేదు. నేను తింటే మా ఆయన ఊకోడు, గందుకే ఉప్పు చూడలే. అమ్మాజీకి చూసిన అని అబద్ధమాడిన. ఆమె తప్పేం లేదు.”

అంతమంది ముందు ఇంకేం చెప్పాలో ఆమెకు తోచలేదు. చెప్పుకోవడానికి సిగ్గుపడి ఇన్నాళ్లు దాచిన ఒక్క మాట మాత్రం మిగిలింది. అది కూడా చెప్పేసింది.

“నాకు ఆకలైతుంది. శానా దినాల సంది ఆకలైతుంది.”