ఇంటి పెద్ద ఇచ్చిన మాట

మార్చి పదకొండో తారీఖు. పొద్దున రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు తిన్నాను. పళ్ళెం ఇంకా కడగనేలేదు, పక్కింటి కాలరమ్మ నామినేషన్ కాగితం పట్టుకుని వచ్చింది.

బట్టల మిల్లులో పదిహేనేళ్ళుగా చొక్కాలకు కాలర్లు కుడుతోంది కాబట్టి ఆమెకు ఆ పేరు. వార్డు మెంబరుగా నిలబడాలంటే వార్డులో పదిమంది సంతకం చెయ్యాలి. మధ్యాహ్నం మూడింటికి అధికారి పేరు పేరునా పిలిచినప్పుడు, ఆ పదిమందీ ఎదురుగా నిలబడి అవునని చెప్పాలి. అప్పటికి తొమ్మిది సంతకాలు అయ్యాయి.

"పదోది మీదే బాబాయ్. మొదటిది ఎవరిదో చూశారా?"

వాళ్ళ అత్తగారిది. కాగితం చిరుగుతుందేమో అన్నంత నొక్కి రాసింది.

మిల్లు పెరిగాక మాకు తారురోడ్డు వచ్చింది, వీధి దీపాలు వచ్చాయి, నెలనెలా జీతం వచ్చింది. అందులో ఏదీ అబద్ధం కాదు. కాని బట్టకు రంగులేసే కొత్త షెడ్డు మొదలైన నాటి నుంచి మా వీధి కుళాయి రోజు విడిచి రోజు, అరగంటే పారుతోంది. నీళ్ళు ఎటు మళ్ళించాలో తేల్చేది వార్డు మెంబరు. పదేళ్ళుగా ఆ కుర్చీలో ఉన్నది మిల్లు యజమాని బావమరిది. రెండుసార్లూ పోటీయే లేదు. ఆదాయం పెరిగితే జనం అడగడం నేర్చుకుంటారని కాలేజీ పరీక్షలో నాలుగు పేజీలు రాశాను. అరవై రెండు మార్కులు వేశారు. ఆ దిద్దినాయన ఎంత దయగలవాడో ఇప్పుడు తెలుస్తోంది.

యజమాని ప్రార్థన మందిరానికి పాలరాయి కూడా పరిపించాడు. ఎన్నికల ముందు ప్రతి ఇంటి పెద్దా ఆ మందిరం గడప మీద అరచెయ్యి ఆనించి, ఇంటిల్లిపాది తరఫునా మాట ఇవ్వాలి. వీధి అంతా ఒక్క మాట మీద ఉంటుందని, అంటే యజమాని మనిషికే ఓటని. కిందటి వారమే ఆ తంతు అయింది.

"మీరూ చెయ్యి పెట్టారుగా?" అంది కాలరమ్మ.

"పెట్టానమ్మా."

నా భార్య మంచాన పడ్డ ఏడు నెలలూ మందిరం దవాఖానా నర్సు రోజూ సాయంత్రం వచ్చి, ఆమెను పక్కకు తిప్పి, వీపు తుడిచి వెళ్ళేది. ఆ రుణం నా చేతిని గడప దాకా తీసుకెళ్ళింది.

"మా అత్తా పెట్టింది. నా ఓటు కూడా కలిపి ఇచ్చేసింది. అడగొచ్చుగా అంటే, నువ్వు మిషను మీదున్నావు కదే అంటుంది!" నవ్వింది.

ఆ నర్సు నన్ను ఏనాడూ ఓటు అడగలేదు. అది గుర్తొచ్చి సంతకం పెట్టాను.

మూడు గంటలకు ఆఫీసు వరండాలో మందిరం పెద్దాయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఎవరినీ బెదిరించలేదు. అందరినీ పేరుపేరునా ఆరోగ్యం అడిగాడు, అంతే.

అధికారి మొదట అత్తగారి పేరు పిలిచాడు. ఆమె కోడలి వైపు చూడలేదు.

"కాదు బాబూ," అంది.

"అత్తా! నువ్వే పెట్టావు కదా సంతకం?"

"పెట్టానే. సంతకం ఆఫీసుది, మాట దేవుడిది, దేని దారి దానిదే అనుకున్నా. ఇక్కడ నోటితో చెప్పమంటారని నాకేం తెలుసు? ఒక్క నోటితో రెండు మాటలు ఎట్టా చెప్పనే? ఇంట్లో పిల్లలున్నారు."

"మెంబరు ఎవరైతే దేవుడికేంటి? ఆయనేమన్నా బిందె పట్టుకుని లైన్లో నిలబడుతున్నాడా?"

పెద్దాయన లేచాడు. "కోపం వద్దు తల్లీ. మిల్లే లేకపోతే మన వీధిలో దీపం వెలిగేదా?"

"వెలిగింది పెద్దయ్యా, కాదన్నానా? ఆ వెలుగులోనే ఖాళీ బిందెలు బాగా కనబడుతున్నాయి."

ఎవరో ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. తర్వాత ఆరుగురు ఆడవాళ్ళు వరసగా కాదన్నారు. అధికారి అక్కడితో ఆపెయ్యొచ్చు. అయినా పదిమందినీ పిలిచాడు, అదొక మర్యాద. నేను అవునన్నాను. నాతో కలిపి ముగ్గురం. నామినేషన్ చెల్లదని రాసి, కాగితం మడత నలగకుండా ఆమె చేతికిచ్చాడు.

సాయంత్రానికి బావమరిది మూడోసారి ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. ప్రశాంతంగా ఎన్నిక జరుపుకున్న ఆదర్శ వార్డు మాదేనని మైకులో చెప్పారు. రంగుల షెడ్డు పక్కన ఇంకో షెడ్డు కడతారని, మరో రెండు వందల ఉద్యోగాలు వస్తాయని కూడా చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. నిజంగానే ఉద్యోగాలు కావాలి వాళ్ళకి.

అత్తగారికి మోకాళ్ళ నొప్పి. వచ్చేటప్పుడు కాలరమ్మ ఆమెకు భుజం అందించింది. ఆ ముసలావిడ దారి పొడుగునా దాని మీదే బరువు వేసి నడిచింది.

"తిట్టవే. తిట్టరాదూ?" అంది ఇంటి ముందు ఆగి.

"పొద్దున్నే ఆరింటికి షిఫ్టు నాకు. పడుకో అత్తా."

ఆమెను లోపల పడుకోబెట్టి, ఒక్క నిమిషం గుమ్మంలో నిలబడింది కాలరమ్మ. నన్ను చూసి తల ఊపింది. ముసలావిడకు మెలకువ రాకుండా, తలుపును కాస్త పైకెత్తి పట్టి, చప్పుడు కాకుండా మూసుకుంది.