అభ్యంతరం గారి చోటు

భార్య పోయాక అతను ఒక్కరోజు కూడా పని మానలేదు. కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో జుట్టు నెరిసేదాకా పనిచేసినవాడు. డాక్టర్లు పంపిన ప్లాస్టర్ అచ్చులు ముందు పెట్టుకుని, మైనంతో చిగుళ్లు కట్టి, అందులో పళ్లు ఒక్కొక్కటే నిలబెట్టి, పై దవడ కింది దవడకి సరిగ్గా ఆనుతోందో లేదో చూడటం అతని పని. ఊళ్లో సగంమంది నోళ్లు అతనికి తెలుసు. మొహాలే తెలియవు. తోటివాళ్లు అతన్ని మేస్త్రీ అంటారు. అంతా అయిపోయిన మర్నాడే మేస్త్రీ వచ్చి మామూలుగా తన స్టూలు మీద కూర్చుని మైనం కరిగించుకుంటుంటే, పలకరించాలో వద్దో తెలియక వాళ్లు రేడియో గొంతు తగ్గించారు.

ఆవిడ నీటి సరఫరా ఆఫీసులో ఫోన్లో ఫిర్యాదులు తీసుకునేది. తలలో నరం చిట్లి, హెడ్‌ఫోన్ చెవులకు ఉండగానే బల్లమీదికి వాలిపోయింది. అవతలి మనిషి సంగతి తెలియక, తమ వీధికి నీళ్లు రావడం లేదని ఇంకా కాసేపు తిడుతూనే ఉందట. ఆఫీసువాళ్లు ఈ మాట చెప్పినప్పుడు అతను "అలాగా" అన్నాడు. ఆసుపత్రిలో డాక్టరుతోనూ అదే అన్నాడు. చుట్టాలు గుండె దిటవు చేసుకున్నాడని మెచ్చుకున్నారు. అది దిటవు కాదని అతనికి తెలుసు. పన్ను పీకించుకున్నాక బుగ్గ గిల్లి చూసుకుంటే మనది కానట్టుంటుందే, ఒళ్లంతా అలా ఉంది. స్నానం చేస్తున్నా, అన్నం కలుపుకుంటున్నా ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టుండేది.

ఆవిడ బట్టలు సర్దడానికి మరదలు వచ్చింది. బీరువా ముందు కూర్చుని చీరలు మడత పెడుతూ ఏడుస్తూ, ఏడుస్తూ మడత పెడుతూ, ఉన్నట్టుండి తలెత్తింది.

"బావా, అక్క శనివారాలు వెళ్లేది చూడు, ఆ పుస్తకాల కాఫీ కొట్టు, వాళ్లకి చెప్పావా?"

"ఎవరికి?"

"నాకేం తెలుసు? అక్కడెవరో ఉంటారు కదా. ఇన్నేళ్లుగా వెళ్తోంది. వాళ్లు ఎదురుచూస్తుంటారేమో."

ఆవిడ శనివారం మధ్యాహ్నాలు ఎక్కడికో వెళ్లి, పొద్దు వాలాక వచ్చేదన్న సంగతి అతనికి తెలుసు. "కాఫీకి" అనేది. కాఫీ తాగడానికి అంతసేపెందుకని అతనెప్పుడూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు. వాళ్లిద్దరి మధ్యా మాటలు తక్కువ. గొడవలు ఇంకా తక్కువ. టీవీలో వార్తలొస్తుంటే అతను అదీ ఇదీ అనేవాడు, ఆవిడ బఠానీలు ఒలుచుకుంటూ తలూపేది. పెళ్లయిన కొత్తలోనే చుట్టాలు ఆవిడకి "ఊఁ గారు" అని పేరు పెట్టారు.

మరదలు అడ్రసు రాసిచ్చింది. శనివారం వచ్చింది. ఒక మనిషికి ఒక మాట చెప్పి వచ్చేస్తే పని అయిపోతుందనుకుని బయల్దేరాడు.

తాళాలు బాగుచేసే కొట్టుకీ, ఇస్త్రీ కొట్టుకీ మధ్య ఇరుగ్గా ఉంది ఆ చోటు. ముందు భాగంలో కాఫీ మెషిను, వెనక భాగమంతా పుస్తకాలు. పాత తలుపుల్ని పడుకోబెట్టి, వాటికి కాళ్లు బిగించి బల్లలు చేశారు. ఒకదానికి ఇంకా గడియ ఉంది. గోడల నిండా సమ్మెల పోస్టర్లు, ఎప్పటివో, రంగు వెలిసినవి. అలమరాలకి అట్టముక్కల మీద చేత్తో రాసి అంటించారు: భూమి. జీతం. జైలు. యుద్ధం. ఆడవాళ్లు ఏమన్నారంటే. చివరి అలమరాకి, "మేం ఒప్పుకోని పుస్తకాలు" అని ఉంది. కాఫీ వాసన ఘాటుగానే ఉండి ఉంటుంది. అతనికి మాత్రం ఏమీ తెలియలేదు.

కౌంటరు వెనక పొట్టి జుట్టు, లావుపాటి కళ్లద్దాల యజమానురాలు గ్లాసులు తుడుస్తోంది.

"చెప్పండి, ఏమివ్వమంటారు?"

దారి పొడుగునా అతను ఒకే వాక్యం నోట్లో తిప్పుకుంటూ వచ్చాడు. తీరా నోరు తెరిస్తే "కాఫీ" అని వచ్చింది.

"పాలతోనా, లేకుండానా?"

"ఏదైనా."

"ఏదైనా అనే కాఫీ మా దగ్గర లేదండీ."

"పాలతో."

గ్లాసు పట్టుకుని కిటికీ పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాడు. డ్యూటీ బట్టల్లోనే ఉన్న ఒక నర్సు, బల్ల అవతల నుంచి మొహమాటంగా నవ్వింది.

"ఏమీ అనుకోకండి, ఇటు జరుగుతారా? అది అభ్యంతరం గారి చోటు."

"ఎవరిది?"

"మా దగ్గరికి ఒకావిడ వస్తారు లెండి. నీళ్ల ఆఫీసులో ఫోన్లెత్తుతారు. ఎవరేం చెప్పినా ముందు 'నాకో అభ్యంతరం ఉంది' అంటారు. ఆ పేరే ఖాయమైపోయింది. రెండు వారాల నుంచి రావట్లేదు గానీ, వచ్చారంటే అక్కడే కూర్చుంటారు."

అతనికి అర్థమైంది. లేచి పక్క కుర్చీలోకి మారాడు. మారుతూ గ్లాసు ఒలకకుండా చూసుకున్నాడు. అంతకు మించి ఏమీ జరగలేదు. ఊఁ గారు, అభ్యంతరం గారు అని రెండు పేర్లూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. రెండు వేర్వేరు నోళ్లలోంచి తీసిన పై దవడా, కింది దవడాలాగా ఒకదాని మీద ఒకటి కూర్చోలేదు.

ఇంతలో ఒక పెద్దాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. రేవులో క్రేను నడిపి, యూనియన్ నడిపి, రెండింట్లోనూ రిటైరయిన మనిషి. అందరూ క్రేన్ తాత అంటారు. చంకలో కాగితాలు కుక్కిన పుస్తకాలున్నాయి. కూర్చోకుండానే కిటికీ వైపు చూశాడు.

"ఇవాళా రాలేదా ఆవిడ? నేను చదివి చదివి కళ్లు మంటలెత్తి, జవాబు సిద్ధం చేసుకుని వస్తే మనిషి పత్తా లేదు. భయపడిందంటావా?"

"మీకా? ఆవిడా?" అంది యజమానురాలు. "ఆ చివరి అలమరా పెట్టించింది ఎవరు? పుస్తకాలు చదవకుండానే వాటిని ఒప్పుకోం అనడమేంటని ఆర్నెల్లు నా ప్రాణం తీసింది. మీరు ఒంటికాలి మీద లేచారు. చివరికి అలమరా మోసింది కూడా మీరే."

"మోశాను, ఒప్పుకోలేదు. అది వేరు, ఇది వేరు." తాత పళ్లు టక్కుమన్నాయి. మాట మాటకీ పై సెట్టు కిందికి జారుతోంది, దాన్ని నాలుకతో పైకి నెట్టుకుంటున్నాడు. కొట్టులో ఉన్నవాటన్నిటిలో మేస్త్రీ చూపు ఆగింది అక్కడొక్కచోటే. చిగుళ్లు అరిగిపోయాయి, అడుగున పొర వెయ్యాలి అనుకున్నాడు.

తాతకీ ఆవిడకీ వాదన నీళ్ల గురించి. నీళ్లు మనిషి హక్కు, ఎవరి దగ్గరా పైసా తీసుకోకూడదని తాత అన్నాడట. అభ్యంతరం గారు లేచి, "పైపు ఉన్నవాళ్లకి ఉచితం అవుతుంది తాతగారూ, పైపే లేని వీధులవాళ్లు నాకు రోజూ ఫోన్ చేస్తారు. వాళ్లకి మీరు ఉచితంగా ఇచ్చేదేంటి?" అన్నదట. యూనియన్లో అన్నేళ్లు ఉన్నవాడిని, అందరి ముందూ నీళ్లు నమిలానని ఇప్పటికీ ఆయనకి ఉక్రోషం. నర్సు ఇదంతా మేస్త్రీకి చెప్పింది, కొత్తగా వచ్చినాయన బోరుగా కూర్చోకూడదని.

అతను వింటున్నాడు. ఆవిడ గొంతులో ఆ మాటలు ఊహించుకోవడానికి ప్రయత్నించాడు. గొంతు రాలేదు. తలూపడం ఒక్కటే కనిపించింది.

"ఫోన్ చేసి చూశాను, స్విచాఫ్ వస్తోంది," అంది యజమానురాలు.

ఆ ఫోను అతని ఇంట్లో సొరుగులో ఉంది. చార్జింగ్ పెట్టాలని అతనికి తట్టలేదు.

"ఇంట్లో ఆయన పంపించట్లేదేమో," అంది నర్సు. "పెళ్లాం బయటికెళ్లి నాలుగు మాటలు నేర్చుకుంటుంటే ఏ మొగుడు ఊరుకుంటాడు?"

"ఛ ఛ, ఆయన అలాంటివాడు కాదు," అన్నాడు తాత. "నేనే అడిగా ఓసారి. ఇక్కడ ఇంత మాట్లాడతావు, ఇంట్లో మీ ఆయన గతేంటమ్మా అని. ఏమందో తెలుసా? పొద్దుట్నుంచీ ఫోన్లో ఊరందరికీ జవాబు చెప్తాను, శనివారం మీకు చెప్తాను, ఇంటికెళ్తే నేనెవరికీ ఏమీ చెప్పక్కర్లేదు తాతగారూ, ఆయన అడగడు, అదే నాకు హాయి అంది."

అతను గ్లాసు బల్లమీద పెట్టాడు. అది మంచి మాటో, కాదో తేల్చుకోలేకపోయాడు. ఆయన అడగడు. నిజమే, అడగలేదు.

"ఆ భర్తని నేనే," అన్నాడు. "ఆవిడ పోయింది. తలలో నరం చిట్లింది. మీకు చెబుదామనే వచ్చాను."

నర్సు నాలుక కరుచుకుని, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. యజమానురాలు కౌంటరు దాటి వచ్చి, కూర్చోవాలో నిలబడాలో తెలియనట్టు అతని వెనక ఆగిపోయింది. తాత మాత్రం మొహం ఎర్రగా చేసుకుని, అతని మీద కోపం వచ్చినవాడిలా చూశాడు.

"పోవడమేంటి? జవాబు పట్టుకొచ్చానంటుంటే?"

"తాతగారూ," అంది నర్సు మెల్లగా.

"కాదమ్మా, ఇప్పుడు ఇది నేనెవరికి చెప్పాలి?" కాగితాలు బల్లమీద పరిచాడు. "బాబూ, నువ్వు విను. నీకు చెప్తాను. ముందు పైపులు వెయ్యాలి, అవును, ఆవిడ అన్నది నిజమే, నేను కాదనను. కానీ పైపులు ఎవరి..."

అక్కడ పై సెట్టు పూర్తిగా ఊడి, కాగితాల మీద పడింది.

తాత బుగ్గలు లోపలికి పోయి, ఒక్క క్షణంలో ఇంకా ముసలివాడైపోయాడు. మేస్త్రీ చెయ్యి చాచి ఆ సెట్టు తీసుకున్నాడు, రుమాలుతో తుడిచాడు, వెలుగుకి పెట్టి తిప్పి చూశాడు.

"ఎన్నాళ్లయింది ఇది కట్టించుకుని?"

తాత ఏదో అన్నాడు. అది మాటగా రాలేదు. యజమానురాలికి నవ్వొచ్చింది, ఆపుకోబోయింది, అది ఏడుపుగా మారింది. నర్సు ఆవిణ్ణి పట్టుకుని తనూ ఏడ్చింది. తాత పళ్లు లేని నోటితో, కాగితాలకేసి చూస్తూ వెక్కిళ్లు పెట్టాడు. తన భార్య కోసం ముగ్గురు ముక్కూ మొహం తెలియనివాళ్లు ఏడుస్తుంటే అతను పళ్ల సెట్టు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. వాళ్లని చూసి అసూయ లాంటిదేదో కలిగింది. అదీ గట్టిగా కలగలేదు.

"పళ్ల సెట్లు కట్టే మా ల్యాబు ఇక్కడికి దగ్గరే," అన్నాడు చివరికి. "తాళం నా దగ్గరుంది. రండి, సరిచేస్తాను."

శనివారం మధ్యాహ్నం కావడంతో ల్యాబులో ఎవరూ లేరు. అతను తాతని తన స్టూలు మీదే కూర్చోబెట్టాడు. సెట్టు లోపలి వైపు సన్నగా అరగదీసి, గులాబీ రంగు ముద్ద కలిపి పూసి, తాత నోట్లో పెట్టి, గడ్డం కింద చెయ్యేసి, "కొరకండి, అలాగే ఉంచండి" అన్నాడు. ఇన్నేళ్లలో ఒక మనిషి నోటిని అచ్చులో కాకుండా ఎదురుగా చూడటం అరుదు. తాత ఊపిరి వేడిగా అతని మణికట్టుకి తగిలింది. గడ్డం మీద గీకకుండా మిగిలిపోయిన తెల్ల వెంట్రుకలు. కళ్లు అతని మొహాన్నే చూస్తున్నాయి.

ముద్ద గట్టిపడేదాకా ఆయన మాట్లాడకూడదు. అందుకే కాబోలు అతను మాట్లాడాడు.

"ఇంట్లో ఎప్పుడూ ఏదీ కాదనలేదండీ. వంకాయ రంగు గోడలకి వేయిస్తానంటే కూడా ఊఁ అంది. చూడటానికి దరిద్రంగా ఉంది ఆ గది. ఎనిమిదేళ్లు అందులోనే పడుకుంది."

తాత కళ్లు నవ్వాయి. నోరు కదిలించబోతే అతను గడ్డం నొక్కి పట్టుకున్నాడు.

"కదలకండి. ఒక్కసారి వద్దంటే మార్చేవాణ్ణి. అడిగి ఉండాల్సింది."

అంత మాట అనేసి గోడ గడియారం వైపు చూశాడు.

అంచులు నున్నగా రుద్ది, పాలిష్ పట్టి, కడిగి ఇచ్చాడు. తాత పెట్టుకుని, బుగ్గలు ఆడించి, అద్దంలో చూసుకుని, యూనియన్ సభలో మైకు పరీక్ష చేసినట్టు గట్టిగా అన్నాడు: "సమస్త శ్రామికులారా!" ఒక్క అక్షరం కూడా జారలేదు. మేస్త్రీ అంచుల దగ్గర నొప్పి ఉందా అని అడిగాడు. లేదన్నాడు తాత. తర్వాత, పైపుల జవాబు ఇప్పుడు చెప్పనా అన్నాడు. వద్దు, నాకు అర్థం కాదు, వచ్చే వారం అందరి ముందూ చెప్పండి అన్నాడు మేస్త్రీ.

"వస్తావా?"

"వస్తాను."

తాళం వేసి రోడ్డు మీదికి వచ్చారు. బస్టాపులో తాత ఎక్కాల్సిన బస్సు వచ్చింది. ఆయన దాన్ని పోనిచ్చాడు.

"ఇంటికెళ్లి ఏం చేస్తావు?"

"ఏమో."

"పద, నేనూ వస్తాను. నాకూ ఇంట్లో పనేం లేదు."

మేస్త్రీ కాదనలేదు, రమ్మననూ లేదు. బస్సులో తాత కిటికీ పక్కన కూర్చుని, వీధులు లెక్కపెట్టుకుంటున్నట్టు బయటికి చూస్తూ వచ్చాడు. ఇంట్లో అడుగుపెట్టి వంకాయ రంగు గది గుమ్మం దగ్గర ఆగి, "అమ్మో" అన్నాడు. తర్వాత వంటింట్లోకి వెళ్లి కుర్చీ లాక్కుని, పాత పేపరు విప్పుకున్నాడు.

"నువ్వు కాసేపు పడుకో. నిన్ను చూస్తుంటే నాకే నిద్రొస్తోంది. నేనిక్కడే ఉంటాలే."

ఆవిడ పోయినప్పట్నుంచి అతను సోఫాలోనే పడుకుంటున్నాడు. ఇప్పుడు చెప్పులు విడిచి, వెళ్లి మంచం మీద పడుకున్నాడు. పక్క గదిలో పేపరు తిప్పుతున్న చప్పుడు, మధ్యమధ్య దగ్గు, ఎవరో మంత్రిని ఉద్దేశించి గొణుగుడు. ఆ గొణుగుడు వింటూనే నిద్రపోయాడు.

లేచేసరికి గదిలో వెలుగు పలచబడింది. వంటింట్లో కుర్చీ ఖాళీగా ఉంది. సింకులో రోజుల తరబడి పడున్న గిన్నెలు కడిగి ఉన్నాయి, సబ్బు నురగ సరిగా పోలేదు. అతను వాటిని మళ్లీ కడగడం మొదలుపెట్టాడు. ఒక గిన్నె బోర్లిస్తుంటే కడుపులో ఏదో మెలిపెట్టినట్టయింది. అదేమిటో గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. ఆకలి. ఏం తినాలో తెలియక, తడి చేతులతో అలాగే నిలబడి, చాలాసేపు ఆ ఆకలిని చూసుకుంటూ ఉండిపోయాడు.