విశ్రాంతమ్మ మడవలు

సవరయ్య ఇంట్లో ఏ వస్తువూ పుట్టినప్పటి రూపంలో ఉండేది కాదు. బావి గిలక ఇరుసు అరిగితే దానికి సైకిలు ఇరుసు పడేది. ఇంజను పొగగొట్టానికి చిల్లి పడితే డాల్డా డబ్బా రేకు చుట్టుకునేది. మందు కొట్టే పంపులో వాషరు పోతే పాత చెప్పు తోలు గుండ్రంగా కోసి బిగించేవాడు. దుమ్ముగూడెం నుంచి అడవిలోకి పోయే బండిబాట పక్కన, వాగు ఒడ్డున వాళ్ల చెలక. వాగులో నీళ్లున్నన్నాళ్లూ ఆయిల్ ఇంజనుతో తోడి మిరపతోట పండించేవారు. ఆ ఇంజను కూడా ఎవరో పనికిరాదని చింతచెట్టు కింద వదిలేసిందే. వానకు తడిసి తుప్పుపట్టిన దాన్ని సవరయ్య తెచ్చుకుని విప్పి, కడిగి, మళ్లీ బిగించి, దగ్గుతూనైనా సరే తిరిగేలా చేశాడు.

ఇంజను సవరయ్యది. నీళ్లు కట్టే పని ఆయన భార్య విశ్రాంతమ్మది. ఆయన బెల్టు వేసి హ్యాండిలు తిప్పగానే ఆమె పార భుజాన వేసుకుని కాలవ వెంట నడిచేది. కాలవ గట్టుకు గండి కొట్టి సాళ్లలోకి నీళ్లు వదిలే చోటుని మడవ అంటారు. ఒక మడవ తీయడం, ఆ సాళ్లు తడిశాక మట్టేసి మూయడం, తర్వాతి మడవకు పోవడం. చూసేవాళ్లకు అది కాలక్షేపం పనిలా ఉండేది. ఆ చెలక వాగు వైపు వాలుగా ఉంటుంది. పై సాళ్లు ఎంత పోసినా తాగుతాయి, కింది సాళ్లలో కాస్త ఎక్కువైతే వేరు కుళ్లుతుంది. ఎక్కడ ఎంతసేపు నిలపాలో విశ్రాంతమ్మకు తెలుసు. సవరయ్యకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు.

దసరా దాటిన కొత్తలో ఒక పొద్దున ఆయన ఇంజను దగ్గర కూర్చుని బీడీ కాలుస్తుంటే నీళ్లు వెనక్కి మళ్లి కాళ్ల కిందికి వచ్చాయి. గట్టు తెగిందనుకుని "ఏమే! ఏడజూస్తున్నవే!" అని కేకలేస్తూ పోయాడు. విశ్రాంతమ్మ కాలవకు అడ్డం పడి ఉంది. ముఖం సగం బురదలో ఉంది. నీళ్లు ఆమె మీదుగా పొర్లి దారి దొరికిన చోటుకల్లా పోతున్నాయి.

పక్క చెలక మోతీలాల్ ఎడ్లబండి కట్టాడు. దుమ్ముగూడెం దాకా బండి మీద, అక్కడి నుంచి బస్సులో భద్రాచలం దవాఖానాకు. ప్రాణం నిలిచింది గాని కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఏది చెప్పబోయినా "నీ" అన్న ఒక్క ముక్క గొంతులోంచి వచ్చి ఆగిపోయేది.

"బతికింది, సంతోషపడండి," అంది డాక్టరమ్మ ఇంటికి పంపేటప్పుడు. "కానీ ఊరికే పడుకోబెట్టి ఉంచకండి. ఏదో ఒక పని చెయ్యనివ్వండి."

సవరయ్య చెవికి మొదటి మాటే ఎక్కింది.

బోనకల్ నుంచి కూతురు వచ్చి కొన్నాళ్లు చేసి, తన సంసారం ఉంది గనుక వెళ్లిపోయింది. ఆ తర్వాత సవరయ్య చేతికి పని దొరికింది. దూలానికి గిలక వేలాడదీసి తాడు కట్టాడు, ఎడమ చేత్తో లాగితే మంచం మీద లేచి కూర్చునేలా. చెంచా కాడకు సైకిల్ ట్యూబు చుట్టాడు, జారకుండా. చేతుల కుర్చీకి సైకిలు చక్రాలు బిగించి, ముందు పిల్లల మూడు చక్రాల బండి చక్రం పెట్టాడు. ఎద్దు మెడలో గంట తెచ్చి మంచం కోడుకు కట్టాడు, అవసరమైతే కొట్టమని.

జనం చూడటానికి వచ్చారు. ఆదివారం చర్చి నుంచి సత్ప్రసాదం తెచ్చిన ఫాదరు గిలక తాడు తానే ఒకసారి లాగి చూసి, "సవరయ్యా, ఇట్లాంటిది పెద్ద దవాఖానాల్లో కూడా చూడలేదయ్యా," అన్నాడు. సవరయ్య చేతులు కట్టుకుని తల వంచుకున్నాడు. లోపల పొంగిపోయాడు. విశ్రాంతమ్మ గోడ వైపు తిరిగింది.

ఆమె అలా తిరిగిన కొద్దీ ఆయన ఇంకొకటి చేసేవాడు. సుత్తి, కటింగ్ ప్లేయరు చేతిలో ఉన్నంతసేపు ఆమె ముఖం చూడాల్సిన పని ఉండదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

తోటలో నీళ్లు కట్టడానికి మోతీలాల్ భార్య సోమ్లి వచ్చేది. బదులుగా వాళ్ల పంపు, బండి సవరయ్య బాగుచేసి పెట్టేవాడు. ఒళ్లు దాచుకునే మనిషి కాదు సోమ్లి. కానీ ఆమెకు అలవాటైంది తమ చదును నేల. ఈ వాలు నేల కాదు.

ఒక మధ్యాహ్నం గంట మోగింది. సవరయ్య పరుగున వచ్చాడు.

"నీ..." అంది విశ్రాంతమ్మ.

ఆయన కుండలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి నోటికి అందించాడు. ఆమె తల తిప్పుకుంది. ఆయన బయటికి పోగానే మళ్లీ గంట. మళ్లీ "నీ". మళ్లీ గ్లాసు. ఈసారి ఆమె ఎడమ చేత్తో కొట్టింది. గ్లాసు పోయి గుమ్మంలో పడింది.

సవరయ్యకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఏం గావాలె నీకు? మంచం చేసిన. కుర్చీ చేసిన. చేతనైనకాడికి చేస్తనే ఉన్న గదా! ఇంకేం జెయ్యాలె, నోరు తెరిచి చెప్పు!"

అన్నాక గాని ఆ మాట ఎవరితో అన్నాడో ఆయనకు తట్టలేదు. విశ్రాంతమ్మ ఏడవలేదు. ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపుకు ఆయన నిలవలేక వాకిట్లోకి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

గొడవంతా వాకిట్లో నిలబడి విన్న సోమ్లి మెల్లగా అంది, "అన్నా, వదినను రేపు తోట కాడికి తీస్కపో. పొద్దంతా గోడ జూస్తే ఎవరికైనా పిచ్చి లేస్తది."

మర్నాడు కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోకుండా తువ్వాలతో నడుముకు కట్టి, గట్టు మీద తునికిచెట్టు నీడకు తోసుకుపోయాడు. అన్ని నెలల తర్వాత ఆమె తోటను చూసింది. చూసి "నీ... నీ..." అంటూ ఎడమ చేయి ఆడించింది. "అవ్, మన తోటే. బాగున్నదా?" అని ఆమె భుజం తట్టి సవరయ్య ఇంజను దగ్గరికి పోయాడు.

కొంతసేపటికి బెల్టు తెగింది. దాన్ని ఇనుప తీగతో కుట్టి, మళ్లీ తిప్పి, నీళ్లు బాగానే వస్తున్నాయని చూసుకుని వెనక్కి వచ్చాడు. సోమ్లి అన్నం తినడానికి పోయింది. తునికిచెట్టు కింద కుర్చీ పక్కకు ఒరిగి ఉంది. మనిషి లేదు.

సవరయ్య అటూ ఇటూ చూశాడు. గట్టు దిగి పరుగెత్తాడు. విశ్రాంతమ్మ కాలవలో కూర్చుని ఉంది. చీర మోకాళ్ల పైదాకా బురద. పడిపోయిన కాలు నీళ్లలో అడ్డంగా చాచి ఉంది.

"అయ్యో ప్రభువా! పడ్డవా? ఏడ తగిలింది?" అని చంకల కింద చేతులు వేసి లేపబోయాడు. ఆమె బురద చేత్తో ఆయన ఛాతీ మీద గట్టిగా కొట్టి, కిందికి చూపించింది.

అప్పుడు చూశాడు ఆయన. కింది సాళ్లలో నీళ్లు నిలిచి ఉన్నాయి. అక్కడి మొక్కలు ఆకులు వాల్చి పసుపు తిరిగాయి. తెగులనుకుని మందు కొట్టిస్తున్నాడు ఇన్నాళ్లూ. ఆ సాళ్ల మడవ ఇప్పుడు మూసి ఉంది. పారతో వేసిన మట్టి కాదు, పిడికిళ్లతో పెట్టింది. వేళ్ల గుర్తులు ఇంకా దాని మీద ఉన్నాయి. పై మడవ సగం తెరిచి ఉంది. ఆమె గోళ్లు విరిగి, చూపుడువేలి నుంచి నెత్తురు కారుతోంది.

"నీ," అంది విశ్రాంతమ్మ.

సవరయ్య అక్కడే కాలవలో ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"నీళ్లు," అన్నాడు. "తోటకు నీళ్లు. గదేనా నువ్వు చెప్తున్నది?"

ఆమె కళ్లు మూసుకుని తల ఊపింది. నవ్వలేదు. చాలా దూరం నడిచి వచ్చినట్టు గట్టుకు ఆనుకుని ఊపిరి పీల్చుకుంది.

అప్పుడే వచ్చిన సోమ్లి ఇద్దరినీ బురదలో చూసి నిర్ఘాంతపోయింది. సంగతి తెలిశాక ఆమె ముఖం చిన్నబోయింది. "నేను తప్పు కట్టిన్నా అన్నా? తోట నేనే చెడగొట్టిన్నా?"

"నువ్వేం జేస్తవమ్మా. ఆమె చెప్తనే ఉంది. నేనే వినలే."

ఆ సాయంత్రమే పని మొదలుపెట్టాడు. పాత పీపా రేకు కత్తిరించి పై మడవలకు ఒక్కొక్కటికి తలుపు చేశాడు. ఒక్కో తలుపుకు తీగ కట్టి తునికిచెట్టు కింద కుర్చీ దాకా లాగాడు. తీగ లాగితే తలుపు లేవాలి, వదిలితే పడాలి. కాగితం మీద గీసినట్టు చక్కగా ఉందనుకున్నాడు. నీళ్లు వదిలితే తలుపు కింద మట్టి కోసుకుపోయింది. తీగలు మెలిపడి బిగుసుకున్నాయి. విశ్రాంతమ్మ ఒకదాన్ని లాగింది, రాలేదు. పళ్లు బిగించి మళ్లీ లాగింది. తీగ తెగి ఆమె చెంప మీద చరిచింది.

సవరయ్య నోటిదాకా ఏదో వచ్చింది. మింగేశాడు. ఆమె ముందు గొంతుక్కూర్చుని, "ఎట్ల జేయాలె మరి?" అని అడిగాడు. అడిగి, సామాను అందుకోకుండా, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఆగాడు. అలా ఆగడం ఆయనకు అలవాటు లేదు.

ఆమె కుర్చీ చేతి మీద వేలి కణుపుతో కొట్టింది.

"కట్టెనా? రేకు కాదు, కట్టె పలక?"

తల ఊపింది. తర్వాత చెట్టు మొదట పడి ఉన్న గోనెసంచి వైపు చేయి చాపింది. సంచి ఎందుకో ఆయనకు వెంటనే అర్థం కాలేదు. తెచ్చి ఇస్తే దాన్ని ఒళ్లో మడత పెట్టి అరచేత్తో అదిమింది. పలక అడుగున గోనె కుడితే మట్టికి కరుచుకుంటుంది, నీళ్లు కారవు. తీగ బదులు కొబ్బరితాడు. ఆ తాడు సాఫీగా నడవాలంటే గిలక కావాలి. ఊళ్లో దొరికినవి తెచ్చాడు. ఒకటి తక్కువ పడింది. విశ్రాంతమ్మ ఇంటి వైపు చూపించింది, దూలానికి ఉన్నది తెమ్మని.

"మరి మంచం మీద ఎట్ల లేస్తవే?"

ఆమె ఎడమ చేయి ఎత్తి ఆయన మెడ మీద వేసింది.

మడవ పలకలు నిలిచాయి. పై కాలవకే, అన్నిటికీ కాదు. కింది సాళ్ల దగ్గర సోమ్లి పార పట్టుకుని నిలబడితే, విశ్రాంతమ్మ కుర్చీలోంచి కర్రతో చూపించేది, మూయమని, తీయమని. ఇంజను మోతలో సవరయ్యకు ఏమీ వినపడదు గనుక ఆపాలంటే ఎర్ర గుడ్డ ఎత్తేది. కుళ్లిన సాళ్లు మాత్రం మళ్లీ లేవలేదు. ఆ యేడు పంట పలచగానే వచ్చింది. కోతలప్పుడు ఆమె కుప్ప పక్కన కూర్చుని తాలుకాయలు ఏరింది, ఒక్క చేత్తో, ఎవరు వద్దన్నా ఆపకుండా.

మాట చివరిదాకా రాలేదు. తర్వాతి యేడు కూడా నీళ్లు ఆమే కట్టింది. ఎనభై ఆరులో గోదావరి పొంగి వాగులోకి ఎదురు తన్నినప్పుడు చెలక మునిగింది. మడవ పలకలు, తాళ్లు, ఇంజను పాక అన్నీ పోయాయి. ఊరంతా మిట్ట మీద బడిలో తలదాచుకుంది. ఆ తడిలో ఆ చలిలో విశ్రాంతమ్మకు జ్వరం తగిలింది. వరద తగ్గి ఇంటికి చేరిన కొద్ది రోజులకే ఒక ఉదయం, సవరయ్య గంజి కాచి తెచ్చేలోపు ప్రాణం పోయింది.

శవపెట్టె కోసం పలకలు తెచ్చి వాకిట్లో పెట్టారు. సవరయ్య రంపం చేతిలోకి తీసుకున్నాడు. కొలత వేశాడు. ఒక్క కోత కూడా కోయలేకపోయాడు. వడ్రంగి ఆదాము వచ్చి ఆయన చేతిలోంచి రంపం మెల్లగా తీసుకుని, "నువ్వు కూసో తాతా, నేను జేస్త," అన్నాడు. చేశాడు.

ఆ యేడు చెలక ఇసుక మేట వేసి ఉండిపోయింది. మరుసటి యేడు మేట తీయించి, బురదలో పూడిన ఇంజను విప్పి బాగుచేసి, మళ్లీ మిరప నాటాడు. మొదటి తడికి సోమ్లి పార తీసుకుని వచ్చింది.

"నువ్వు పో బిడ్డా, మీ తోట జూస్కో," అన్నాడు సవరయ్య. "ఈసారి నేను కడత. ఇంజను కాడ మోతీలాల్ ఉన్నడు."

"నీకు రాదు గదా అన్నా?"

"రాదు. నేర్చుకుంట."

చెప్పులు విప్పి కాలవలోకి దిగాడు. మొదటి మడవ తీయడానికే చాలాసేపు పట్టింది. మూయబోతే మట్టి జారిపోయింది. పొద్దు వాలేసరికి తోట సగం కూడా తడవలేదు. కింది సాళ్లలో అప్పుడే నీళ్లు ఎక్కువై మెరుస్తున్నాయి. తమ తోట నుంచి ఇంటికి పోతూ సోమ్లి చూసింది. కాలవలోకి దిగి, కింది మడవ ఒకటి మూసి, చేతులు కడుక్కుని తన దారిన పోయింది. సవరయ్య అక్కడికి వచ్చి, ఆమె మట్టి ఎట్లా పెట్టిందో వంగి చూశాడు. చూసి పార అందుకుని పై మడవకు నడిచాడు.