రామగిరి అత్త కోడిగుడ్డు

పెనుకొండ జరీనాకు రాని ప్రూఫంటూ లేదు. బీయస్సీ మూడో ఏడాది లెక్కల పుస్తకంలో ఏ సిద్ధాంతం అడిగినా కళ్లు మూసుకొని అప్పజెప్పేది. పుస్తకంలో పేజీ మారే చోట తానూ ఆగి, పేజీ తిప్పినంత సేపు ఊపిరి పీల్చుకొని మళ్లీ అందుకునేది. హిందూపురం కాలేజీలో ఎప్పుడూ ఆమెదే ఫస్టు.

అయినా ఎమ్మెస్సీ ఎంట్రన్సు పాత పేపరు ముందర వేసుకుంటే చెమటలు పట్టేవి. ఆ పేపరులో ‘నిరూపించుము’ అని మర్యాదగా అడగరు. ఒక మాట రాసి, ‘ఇది నిజమా, అబద్ధమా?’ అంటారు. అచ్చులో ఉన్న మాట అబద్ధం ఎట్లవుతుందని జరీనా బాధ. అన్నిటికీ ‘నిజం’ అని టిక్కు పెట్టి, సగానికి పైగా పోగొట్టుకునేది.

నాయన గౌస్‌సాబ్ పెనుకొండ బస్టాండు దగ్గర టైలరు. కూతురి చదువుకు ఏనాడూ అడ్డం పడినవాడు కాడు. ఈసారి మాత్రం ఒక మాట అనేశాడు.

“బెంగుళూరులో సీటొస్తే పో పాపా. రాకుంటే ఏడాది పాడు చేసుకోవద్దు, బీయెడ్‌లో చేరు.”

జరీనాకు బీయెడ్ మీద కోపమేమీ లేదు. లెక్కల మీద ఆకలి తీరలేదు, అంతే. అందుకే ఒకరోజు లెక్కల క్లాసయ్యాక పద్మజ మేడమ్ వెనకాలే స్టాఫ్‌రూమ్ దాకా పోయి తన గోడు వెళ్లబోసుకుంది. మేడమ్ అంతా విని నవ్వింది.

“ఆదివారాలు ధర్మవరం పో. నాకు లెక్కలు చెప్పిన తిమ్మప్ప సారు ఆడ ఉండాడు. రిటైరై చానా ఏండ్లాయ. ఆయప్ప బోర్డు మీద రాసేది నమ్ము. నోటితో చెప్పేది మాత్రం నమ్మొద్దు.”

ఆ మాటకు అర్థం జరీనాకు ఆదివారం పాసింజరు దిగి, ధర్మవరంలో మగ్గాల వీధి వెదుక్కొని పోయాక గానీ తెలియలేదు. తిమ్మప్ప సారు వసారాలో పడక్కుర్చీ వేసుకొని, పక్కింటి ఈరక్కతో మాట్లాడుతూ ఉన్నాడు. ఈరక్క తన అరుగు మీద పట్టునూలు చుట్టుకుంటూ వింటోంది. వీధి వీధంతా ఆయన్ని కోతల సారు అంటుందని ఆయన ముందరే చెప్పేసింది.

జరీనా తన కష్టం చెప్పుకుంది. సారు అంతా విని, పుస్తకం తెరవనివ్వలేదు.

“లెక్కలు తర్వాత చూద్దాం పాపా. ముందు ఒక సంగతి విను. మా అత్తది రామగిరి. బంగారు గని పక్కనే ఇల్లు. ఆయమ్మ కోళ్లు పొద్దస్తమానం ఆ మట్టి గెలికి తింటాండె. తినంగ తినంగ గుడ్లు బరువెక్కె. ఒక గుడ్డు చేయి జారి పడితే గుడ్డు పగల్లేదు, కింద బండ పగిలె. పొదగేస్తే పిల్ల బయటికి రాలేక లోపల్నుంచి సుత్తి కావాలని అరిచె. ఎట్లనో బయటపడింది. పెరిగి పుంజయ్యి కూస్తే ఖంగుమని చర్చి గంట మోగినట్లుండె. ఆదివారం కాకపోయినా జనం ప్రార్థనకు బయల్దేరిరి. ఏం పాపా, నిజమేనా?”

పెద్దాయన. అందులో గురువుకు గురువు. తల అడ్డంగా ఊపడం జరీనాకు పుట్టి బుద్ధెరిగి అలవాటు లేదు.

“అవును సార్” అంది.

ఈరక్క చేతిలో నూలు తెగింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

“ఇదే నీ జబ్బు. ఇంటికి పో. ఆ సంగతిలో అబద్ధం యాడ మొదలైందో కనుక్కొని మళ్లా ఆదివారం రా” అన్నాడు సారు.

“అంతా అబద్ధమే గదా సార్?”

“అంతా అబద్ధమని ఈరక్క గూడా అంటాది. యాడ మొదలైంది అనేదే లెక్క.”

వారమంతా జరీనా కాలేజీకి పోయే రైల్లో కోళ్లనే తలచుకుంది. కోడి మట్టి గెలకడం నిజం. రామగిరి మట్టిలో బంగారం ఉండొచ్చు. గుడ్డు బరువెక్కడం? అక్కడ దొరికిందని సంబరపడింది. ఆదివారం రాగానే చెప్పేసింది.

సారు పెదవి విరిచాడు. “ఇంకా మొదటికి పో.”

“ముందు మీ అత్త తప్ప ఏముంది సార్?”

“మా నాయనకు అక్కచెల్లెండ్లు లేరు. మా యమ్మకు అన్నదమ్ములు లేరు. నాకు పెండ్లే కాలేదు. ఇంక నాకు అత్త యాడనుంచి వచ్చె?”

జరీనాకు ఒళ్లు మండింది. “ఆ సంగతి నాకెట్ల తెలుస్తాది సార్?”

“అడగాల.”

“పెద్దోళ్లను అట్ల అడిగితే ఏమనుకుంటారో...”

“ఏమన్నా అనుకోనీ. తెలీనప్పుడు అడగాల. పుస్తకాన్ని గూడా అడగాల, ‘యాడిది నీకీ అత్త?’ అని.” అప్పుడు తెరిచాడు పుస్తకం.

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ ముందు ఒక కోత, వెనక లెక్కలు. గాండ్లపెంటలో సొరపాదు పట్టుకొని చంద్రుడి దాకా పోయొచ్చిన మేకను జరీనా రెండో వాక్యంలోనే పట్టేసింది. ఓబులదేవరచెరువులో చేపలు చెట్లెక్కితే మధ్యలోనే అడ్డం తగిలింది. అట్లా అడ్డం తగులుతూ తగులుతూ, పుస్తకంలోని ప్రతి ‘కాబట్టి’ దగ్గరా ఆగి, కొత్తగా వచ్చిన చుట్టాన్ని చూసినట్లు చూడడం నేర్చుకుంది. ఎంట్రన్సు గట్టెక్కింది. బెంగుళూరు ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. గౌస్‌సాబ్ మిషన్ మూసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని కూతురి వెంట బయల్దేరాడు.

ఇంటర్వ్యూ గదిలో నెరిసిన గడ్డం పెద్దాయన నిదానంగా లేచి బోర్డు మీద ఒక గీత గీశాడు.

“ఈ గీత మీద ఒక చుక్క గెంతుతోంది. గీత దాటి పోదు. ప్రతి గెంతూ ముందరి గెంతు కంటే చిన్నది. పోను పోను గెంతు దాదాపు సున్నా అవుతుంది. కాబట్టి ఆ చుక్క చివరికి ఎక్కడో ఒకచోట కుదురుకోవాలి. అంతే కదమ్మా?”

ఎంత పెద్దమనిషి, ఎంత మెత్తని మాట. జరీనా తల సగం ఊగనే ఊగింది. గీత దాటదు, సరే. గెంతు చిన్నదవుతుంది, సరే. కాబట్టి... అక్కడ కనిపించింది రామగిరి అత్త.

“సార్, కాబట్టి దగ్గర అబద్ధం ఉంది” అనేసి నాలుక కరుచుకుంది.

పెద్దాయన సుద్దముక్క ఆమె చేతికిచ్చాడు. జరీనా గీతకు ఒక కొసన హిందూపురం, ఇంకో కొసన ధర్మవరం, నడుమ పెనుకొండ రాసింది. ఇంగ్లీషు సగం, హిందూపురంలో స్నేహితుల దగ్గర పట్టుకున్న కన్నడం సగం కలిపి చెప్పుకుపోయింది.

“ఇది మా పాసింజరు సార్. మొదట ఒక కిలోమీటరు గెంతుతుంది. తర్వాత అర, తర్వాత మూడో వంతు, నాలుగో వంతు. గెంతులు చిన్నవే. కానీ వాటిని కూడుకుంటూ పోతే ఎంత దూరమైనా దాటొచ్చు. కాబట్టి ధర్మవరం అంచు దాకా పోతుంది. అక్కడ తిరుక్కొని హిందూపురం అంచుకొస్తుంది. మళ్లీ పోతుంది. ట్రిప్పు ట్రిప్పుకూ నిదానమవుతుంది గానీ పెనుకొండ మీదుగా పోతూనే ఉంటుంది, వస్తూనే ఉంటుంది. ఎక్కడా కుదురుకోదు.”

“మీ రైలు నిజంగా అంత నిదానమా?”

“ఎక్కి చూడండి సార్.”

అందరూ నవ్వారు. పెద్దాయన తన ముందరున్న బిస్కెట్ల ప్లేటు ఆమె వైపు జరిపాడు. తర్వాత బయటిదాకా వచ్చి, బెంచీ మీద కూర్చున్న గౌస్‌సాబ్‌ను ఆ రైలు టైము అడిగాడు. గౌస్‌సాబ్ లేచి నిలబడి, ఏ టైముకు రావాలో ఒకటి, ఏ టైముకు వస్తుందో ఒకటి, రెండూ చెప్పాడు.

కొన్నాళ్లకు సీటు వచ్చినట్లు ఫోనుకు మెసేజీ వచ్చింది. జరీనా తిమ్మప్ప సారుకు ఫోన్ చేయలేదు. ఆదివారం దాకా నోరు బిగబట్టుకొని, ధర్మవరం పోయి, ఆయన ఎదురుగా స్టూలు లాక్కొని కూర్చుంది. మొహంలో నవ్వు కనపడనీయలేదు.

“ఏమైంది పాపా?” సారు గొంతులో కోతల జోరు లేదు. ఈరక్క నూలు చుట్టడం ఆపింది.

“చెప్తా సార్. ఇంటర్వ్యూకు మా నాయన, మా అక్క తోడొచ్చిరి. ఆడ అందరికన్నా పెద్ద సారును నువ్వు చెప్పింది అబద్ధమంటి. ఆయప్ప కోప్పడకుండా నాకు బిస్కెట్లు పెట్టె. బయటికొచ్చి మా నాయన్ను పాసింజరు టైము అడిగె. ఆమీట నాకు సీటిచ్చిరి. అబద్ధం యాడ మొదలైందో చెప్పండి సార్.”

తిమ్మప్ప సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“బిస్కెట్ల కాడ.”

“కాదు సార్. బిస్కెట్లు పెట్టినాడు.”

“రైలు టైము కాడ. అంత పెద్దాయప్పకు మన పాసింజరుతో ఏం పని?”

“నిజంగా అడిగినాడు సార్.”

సారు వీధి వైపు చూశాడు. మిగిలింది ఒకటే మాట, అది ఆయన నోట రావడం లేదు. చివరికి గొంతు తగ్గించి, “అయితే... సీటు కాడనా పాపా?” అన్నాడు.

“ఇంకా మొదటికి పోండి సార్. నాకు అక్క లేదు. ఇంట్లో నేనే పెద్దదాన్ని.”

“అట్లయితే సీటు?”

“నిజమే.”

ఈరక్క అరుగు దిగి వచ్చి జరీనా బుగ్గలు రెండూ పట్టి లాగింది. తిమ్మప్ప సారు కళ్లద్దాలు తలకిందులుగా పెట్టుకొని, మళ్లీ తీసి, సరిగ్గా పెట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఆయన్ని ఇట్లా బోల్తా కొట్టించినవాళ్లు లేరు.

“నీకు అక్క లేదని నాకెట్ల తెలుస్తాది పాపా?” అన్నాడు ఉక్రోషంగా.

“అడగాల సార్” అంది జరీనా.