కాడల పొడిలో శనగపిండి

నాకు కోపం వచ్చిందంటే మా తొండియార్‌పేటలో ఎవరూ నమ్మరు. మద్రాసు చెన్నై అయిన మరుసటి ఏడాది ఒకసారి వచ్చింది.

మా షెడ్డులో పుట్టగొడుగులు పెంచుతాం. గొడుగులు హోటళ్లకు, కాడలు చెత్తకుప్పకు. ఎమ్మెస్సీ చదివే మా అక్క కూతురు జనని ఆ కాడల్ని ఎండబెట్టి పొడి చేసేది. అందులోంచి తినే ప్రొటీను తియ్యాలని దాని పట్టుదల. కళ్లు మండించే ద్రావకాలు వద్దని, గోరువెచ్చని ఉప్పునీళ్లలో పొడి నానేసి, కళ్లద్దాలు కడిగే మిషన్ లాంటి దాంట్లో అదిరించేది. వడగట్టిన నీళ్లలో కాస్త నిమ్మ ఉప్పు వేస్తే ప్రొటీను అడుక్కి దిగేది. వంద గ్రాముల పొడికి ఆరు గ్రాములు.

ఈ సైంటిస్టమ్మ కనిపెడుతుందా చూద్దామని ఒకరోజు పొడి డబ్బాలో నాలుగు గుప్పిళ్లు శనగపిండి కలిపేశాను. సాయంత్రం చెప్పి ఏడిపిద్దామనుకుని, పనిలో పడి మరిచిపోయాను.

వారం తర్వాత అది ఎగురుకుంటూ వచ్చింది. పదకొండు గ్రాములొచ్చాయట. గైడు బాలసుందరం ఆ లెక్క అప్పుడే ఒక బిస్కెట్ల కంపెనీకి చూపించేశాడట. సోమవారం థీసిస్ మీద సంతకమట. అప్పుడు చెప్పాను, నవ్వుతూనే. జనని నవ్వలేదు.

“రెండేండ్లు మామా. నీ షెడ్డు కంపులో కూర్చోని కాడలు తరిగినాను. నీకు ఆడుకోను ఇదే దొరికిందా?”

మర్నాడు దానితో కాలేజీకి వెళ్లి గైడుకు ఒప్పుకున్నాను. తిడతాడనుకుంటే ఆయన లేచి తలుపు మూశాడు. కంపెనీవాళ్లు పదకొండు చూసే డబ్బు పెట్టడానికి వస్తున్నారని, ఈ మాట గది దాటకూడదని, ఆరు అని రాస్తే సంతకం పెట్టనని చెప్పాడు.

నా ఒళ్లు మండిపోయింది. “సారూ, రేపు ఎవడన్నా ఒట్టి కాడలేసి చేస్తే ఆరే కదా వచ్చేది. అప్పుడు దొంగ ఎవరు? మా పిల్లే కదా.”

“నువ్వేం చదివినావయ్యా?”

“ఎనిమిది. శనగపిండి శనగపిండేనని తెలిసేంత.”

జనని పెన్ను తీసి థీసిస్‌లో పదకొండు కొట్టేసింది. పక్కన ఆరు రాసి, కాగితాలు పట్టుకుని బయటికి నడిచింది. వెనకాలే పరిగెత్తాను. వరండా చివరి గది ముందు అది నా వైపు తిరిగింది.

“ఈ రూములో డిపార్ట్‌మెంటు హెడ్డు మేడమ్ ఉంది. చేసింది చేసినట్టు చెప్పు. ఒక్క తమాషా మాట వచ్చిందా, మళ్లీ నీ గడప తొక్కను.”

హెడ్డు మంగళ మేడమ్ అంతా విని, బాలసుందరాన్ని పిలుచుకు రమ్మని ప్యూనును పంపింది. నెల గడువిస్తానని, కొత్త కాడలతో తన ఎదుటే మళ్లీ చెయ్యమని జననికి చెప్పింది. తర్వాత తెల్ల కాగితం ఒకటి నా ముందుకు తోసి, ఏం కలిపానో, ఎందుకు కలిపానో రాసివ్వమంది.

పేరు రాశాను. ఎన్ని గుప్పిళ్లో రాశాను. ఎందుకు అన్న చోట పెన్ను ఆగిపోయింది. జనని కిటికీ వైపు తిరిగి నిలబడి ఉంది.

“ఊరికే అని రాయి మామా,” అంది. “నిజమే కదా.”

రాశాను.