పదమూడు మెట్ల ట్యూషన్

ఆదోనిలో సరస్వతి మేడమ్ ఇంగ్లీషు ట్యూషన్ మిద్దె మీద. పొద్దున ఎక్కేటప్పుడు అందరికీ పదమూడు మెట్లే. దిగేటప్పుడు ఎన్నుంటాయన్నది ఎవరి నోటిని బట్టి వాళ్లకు. తప్పుకొక మెట్టు పెరుగుతుంది. ఒక వాక్యంలో 'లేదు' అనే ఇంగ్లీషు మాట ఒకటి చాలు, రెండు పెడితే ఒక మెట్టు. 'హీ గోస్' అనాల్సిన చోట 'హీ గో' అంటే ఇంకో మెట్టు. ఎవరి మెట్లు వాళ్లవే, పిలుచుకుపోను వచ్చినవాళ్లకూ అవే. పత్తి మిల్లు గుమాస్తా మారుతి నలభైకి తక్కువ ఏనాడూ దిగలేదు. నీళ్ల సీసా తెచ్చుకుంటాడు. కింద ఉగ్గాని టిఫిన్ బండి సుంకప్ప చెమటలు చూసి, ఈ రోజు పాఠం కష్టమా అని అడుగుతాడు.

సుధ మాత్రం నాలుగు నెలలుగా పదమూడే దిగుతోంది. కారణం చదువు కాదు, తన ఊరు కైరుప్పలకు పోయే బస్సు. ఐదున్నర బస్సు తప్పితే మరునాడు ట్యూషన్ ఉండదని నాయన శేషప్ప మొదటిరోజే చెప్పాడు. నోరు తెరిస్తే కదా తప్పు. సుధ నోరు తెరవలేదు. నోటుబుక్కులో రాసుకునేది, రాతకు మెట్లు పెరగవు. బ్యాచిలో సగంమంది పద్ధతి అదే. పెందలాడే ఇల్లు చేరేవాళ్లకే ఇంగ్లీషు బాగా వచ్చిందని ఊళ్లలో పేరు.

మంగళవారం మంత్రాలయంలో ఒక లాడ్జి కౌంటరు ఉద్యోగానికి ఆమెకు ఇంటర్వ్యూ. ఏ రాష్ట్రం భక్తుడొచ్చినా మాట్లాడాలి. ఈలోగా వాన ఎగ్గొట్టింది, పత్తికి కాయ నిలవలేదు. శేషప్ప కూలీల మేస్త్రీకి సుగ్గి వలసకని ఇంట్లో ముగ్గురి పేర్లూ ఇచ్చేశాడు. గుంటూరు వైపు మిరపకోతకు, మూడు నెలలు. ఆదివారం ఊరి నుంచి లారీ వస్తుంది, ఆదోనిలో సుధను ఎక్కించుకుని ఎమ్మిగనూరు మీదుగా పోతుంది. సుధ కాదనలేదు. ఇంట్లోనూ ఆమెకు నోరు తెరిచే అలవాటు లేదు. ఇంటర్వ్యూ సంగతి కూడా అమ్మకే తెలుసు.

మూడు గంటలకు కింద హారన్ మోగింది. సుధ సంచి తీసుకుని లేచింది.

మేడమ్ కళ్లజోడు తుడుచుకుంటూ, "పో. నాలుగు నెలలు మెట్లకు భయపడినావు. ఆ మిరపచెట్లు నిన్ను ఇంగ్లీషు అడగవులే" అంది.

సుధ గుమ్మం దాకా వెళ్లింది. కింద లారీలో మూటల మధ్య అమ్మ తలెత్తి చూస్తోంది. పిలవలేదు, చెయ్యి ఊపలేదు.

సుధ వెనక్కి తిరిగింది. "మేడమ్, మై ఫాదర్ డోంట్ నో నథింగ్ ఎబౌట్ మై ఇంటర్వ్యూ."

కాళ్లకింద గచ్చు కదిలింది. రెండు మెట్లు. కింద మెట్ల మొదట్లో నిలబడ్డ నాయన తలపాగా రెండు మెట్ల మేర కిందికి పోయింది.

"మళ్లీ చెప్పు" అంది మేడమ్.

చెప్పింది. ఆగలేదు. ఎండిన చేను గురించి, బస్సు గురించి, చూడని లాడ్జి గురించి, నాలుగు నెలలు మింగినదంతా చెప్పింది. మేడమ్ దిద్దుతూనే ఉంది, మెట్లు పెరుగుతూనే ఉన్నాయి. శేషప్ప ఎక్కడం మొదలుపెట్టాడు.

"సుధా, నోరు మూసుకోమ్మే, మెట్లు పెరుగుతాండాయి!"

అరవై దాకా ఎక్కినట్టున్నాడు. పైన ఇంకా అంతకు రెండింతలున్నాయి. డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయడం లేదు, ఎమ్మిగనూరులో ఇంకో పదిమంది ఎదురుచూస్తున్నారు. నాయన గొంతు సన్నబడింది, తర్వాత వినపడలేదు. సుధ మాట్లాడుతూనే ఉంది. ఏ వాక్యం దగ్గరో గచ్చు కదలడం మానేసింది. అది ఆమె గమనించలేదు, మేడమ్ చెప్పలేదు.

సుధ దిగేసరికి ఎండ పచ్చబడింది. రెండు వందల పన్నెండు మెట్లు. లారీ లేదు. ఆఖరి మెట్టు మీద పాత చీరపేలికలో మూట. విప్పితే జొన్నరొట్టెలు, వాటి మధ్య ఇంటి బీగంచెవి.

"మీ అమ్మ పెట్టింది పాపా. నువ్వు ఇంగా మాట్లాడతాంటే, మీ నాయన దిగకముందే పెట్టింది" అన్నాడు సుంకప్ప.

"నాయన ఏమన్నాడన్నా?"

"తిట్టినాడు. నీ పేరు కొట్టేయమని మేస్త్రీకి చెప్పి ఎక్కినాడు." చిల్లిగంటె పక్కన పెట్టి ఆమె మొహం చూశాడు. "ఏం, ఈ రోజు పాఠం కష్టమా?"

సుధ బీగంచెవిని పిడికిట్లో పెట్టుకుని రొట్టె తుంచింది.

"లేదన్నా," అంది. "మంత్రాలయానికి పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి?"