మెరిసిన గుర్రం

మెరుగు పెట్టే గుడ్డ చక్రం గిర్రున తిరుగుతోంది. ముత్తయ్య ఇత్తడి నల్లాను, నీళ్ల కుళాయిని, దానికి ఆనించి మణికట్టుతో మెల్లగా తిప్పుతున్నాడు. ముక్కుకూ నోటికీ కట్టుకున్న రుమాలు మీద మసి పేరుకుంది. కనుబొమ్మలు, చెవులు, మెడ మీది ముడతలు, అన్నీ అదే రంగు. కామాటిపుర పదకొండో గల్లీలోని ఆ ఇరుకు కార్ఖానాలోకి మసకబారి వచ్చిన వస్తువు అద్దంలా మారి బయటికి పోతుంది. మనిషి మాత్రం తెల్లగా వచ్చి నల్లగా పోతాడు.

నల్లాను పక్కన పెట్టి, అతను జేబులోంచి గుడ్డలో చుట్టిన బిళ్లను తీశాడు. నిన్న రాజలింగం సార్ ఇచ్చినది.

సార్ ఒకప్పుడు మునిసిపాలిటీ తెలుగు బడిలో ముత్తయ్యకు పాఠాలు చెప్పాడు. ఇద్దరూ ఉండేది ఒకే చాల్‌లో, వరుస గదుల పాత భవనంలో. పాత రోము నగరపు బిళ్లలు, అందులోనూ పందెపు గుర్రాల బొమ్మలున్నవి మాత్రమే, ఆయన చోర్ బజారులో, పాత నాణేలవాళ్ల దగ్గర ఏళ్ల తరబడి వెతికి గుప్పెడు పోగేశాడు. వాటిలో ఆయన ప్రాణమంతా దీని మీదే.

"ఇది పైసా గాదురా," అన్నాడు చేతికిస్తూ. "దీంతోని ఏం కొనరాదు. పందెంల ఉరికిన గుర్రాన్ని జనం మరువొద్దని చేసిన్రు. రేపు దాదర్ల మన తెలుగు పిల్లలకు చూపిస్త. నిలవడేటట్టు చిన్న పీట చేసియ్యి."

ఎల్లుండి ఆయన గది ఖాళీ చేసి డోంబివ్లిలోని కూతురింటికి పోతున్నాడు. ఇన్నేళ్లలో ముత్తయ్యకు ఆయన చెప్పిన పని ఇదొక్కటే.

నాలుగో తరగతిలో సార్ అతన్ని నల్లబల్ల దగ్గర నిలబెట్టి పేరు రాయమన్నాడు. మొదటి అక్షరం దగ్గరే చెయ్యి ఆగిపోయింది. తరగతి నవ్వింది. సార్ సుద్దముక్క అందుకుని, మిగతా పేరు తానే రాసి, పోయి కూర్చోమన్నాడు. మరునాటి నుంచి ముత్తయ్య బడి మాని తండ్రి వెంట కార్ఖానాకు రాసాగాడు. ఆ తరువాత మెట్ల మీద సార్ ఎదురైతే గోడకు ఒదిగి దారి ఇచ్చేవాడు.

పీట పొద్దున్నే పూర్తయింది. బిళ్లను నిలబెట్టి చూస్తే నల్లగా, అంచుల్లో పచ్చటి చిలుముతో, పొయ్యిలోంచి తీసినట్టుంది. గుర్రం మెడ పైన గుండ్రంగా ఏవో గీతలు, వాటినిండా మన్ను. అంతమంది ముందు సార్ దీన్ని ఎట్లా పట్టుకుంటాడు?

పాలిష్ చెయ్యొద్దని సార్ అనలేదు. అనవలసి వస్తుందని ఆయనకు తోచి ఉండదు.

ముత్తయ్య చక్రానికి మైనం పట్టించి బిళ్లను ఆనించాడు. నలుపు కింద నుంచి పసుపు లేచింది. గీతలు మొండికేశాయి. ఇంకొంచెం ఒత్తాడు.

పక్క చక్రం మీద పనిచేసే పాలమూరు నర్సింహులు తొంగి చూశాడు. "ఏందే ముత్తయ్యన్నా, గుర్రానికి పెండ్లి చేస్తున్నవా?"

"పెండ్లి గాదు. సార్‌ను సాగనంపుడు."

"గట్లనే మన మేస్త్రి మొఖాన్ని గూడ జర పట్టరాదు చక్రానికి."

"దానికి మైనం సాలదు తమ్మీ."

మధ్యాహ్నం సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మనవరాలు మేఘాను వెంటబెట్టుకుని వచ్చాడు. ముత్తయ్య రుమాలు విప్పి, చేతులు తుడుచుకుని, పీటను రెండు చేతులా అందించాడు. బిళ్ల దీపంలా ఉంది.

సార్ సంచిలోంచి భూతద్దం తీసి, వెలుతురు కోసం గుమ్మం దాకా పోయి, చాలాసేపు చూశాడు. ఆయన మెచ్చుకుంటే ఏమని జవాబు చెప్పాలో ముత్తయ్య పొద్దుటి నుంచి అనుకుంటూనే ఉన్నాడు.

"తాతా, గుర్రం పేరు ఏడికి పోయింది?" అంది మేఘా. "ఈడ గోల్‌గా రాసి ఉండె కదా. పూరా సాఫ్ అయింది."

"ఊకో బిడ్డా."

ఆ గీతలు అక్షరాలు. ముత్తయ్యకు మసి కింద ముఖం మండింది. రుమాలు మళ్లీ కట్టుకుందామా అనిపించింది.

"నాకు ఎర్క లేదు సార్. మన్ననుకున్న."

"మన్ను గూడ ఉండెరా," అన్నాడు సార్.

"ఏం పేరు సార్, దానిది?"

సార్ చెప్పబోయి, బిళ్ల వైపు చూసి, ఆగాడు. "పీట మంచిగ కుదిరింది," అన్నాడు. బిళ్లను గుడ్డలో చుట్టాడు. "పిల్లలు కూసోని ఉంటరు. వస్త, ముత్తయ్యా."

ఆ మాటలో 'రా' లేదు. చిన్నప్పటి నుంచీ ఆయన నోట అది లేకుండా తన పేరు వినలేదు.

ఫోరస్ రోడ్డు దాకా పోయి ఆయనను టాక్సీ ఎక్కించి రావాలని ముత్తయ్య ముందే అనుకున్నాడు. పోలేదు. ఎల్లుండి సార్ సామాను దింపేటప్పుడు మెట్ల మీద ఎదురుపడకుండా ఉండాలంటే ఎంత పెందరాళే పనికి రావాలో ఆలోచిస్తూ నిలబడ్డాడు.

"నల్లాలు అట్లనే ఉన్నయన్నా," అన్నాడు నర్సింహులు నెమ్మదిగా. చక్రం మళ్లీ తిరిగింది.

గుమ్మం పక్కన బల్ల మీద సార్ మరిచిపోయిన భూతద్దం ఉండిపోయింది. దాని కింద, చక్రాల నుంచి ఎగిరి చెక్క మీద పడిన నల్లటి పొడి రేణువు రేణువుగా, పెద్దదిగా కనిపిస్తోంది.